బరువు ట్రాలీకి హుక్కు ఎత్తు ఎంత ఉండాలి? ముందు ట్రాక్టరును కొలవండి, తర్వాత ట్రాలీని

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల ట్రాక్టరుకు దమ్ము పని ఏడాదిలో కొద్ది వారాలే. మిగతా రోజులన్నీ ట్రాలీ లాగడమే. కాశీనగరం మళ్ళ నుంచి ధాన్యం బస్తాలు, వంశధార ఇసుక, ఇటుకలు, కాగితం మిల్లు కోసం నరికిన జామాయిలు, సరుగుడు దుంగలు. అటు మహారాష్ట్ర అంచున సిరొంచలో ధాన్యం, మిరప, రాజురా వైపు పత్తి. సరుకు ఏదైనా, ఆ బరువంతా ట్రాక్టరుకు అందేది ఒక్క పిన్ను దగ్గరే. ఆ పిన్ను నేల నుంచి ఎంత ఎత్తులో ఉందన్నది మాత్రం చాలామంది టేపు పెట్టి చూడరు. ట్రాలీ రింగు ట్రాక్టరు హుక్కులో పడిందా, పిన్ను దిగిందా, అంతే.

కొత్త ట్రాలీ కొన్నప్పుడో, పాత ట్రాలీకి పెద్ద టైర్లు వేసినప్పుడో రింగు హుక్కుకు అందదు. అప్పుడు వెల్డింగు షాపులో సులువుగా తోచే పని, ట్రాక్టరు వెనక ఇంకో హుక్కును పైకి అతికించడం. అది కూడా లేకపోతే లోయర్ లింకుల (నాగలి లాంటివి తగిలించే కింది రెండు చేతుల) మధ్య చిల్లుల కడ్డీకి రింగు తగిలించి, హైడ్రాలిక్ లివరుతో కావలసినంత ఎత్తుకు లేపుకోవడం. రెండూ ప్రమాదమే. హుక్కు ఎంత ఎత్తులో ఉండాలో తేల్చేది ట్రాక్టరు. ఆ ఎత్తుకు దిగిరావలసింది, లేదా ఎక్కిరావలసింది ట్రాలీ రింగు. ఈ వరస తిరగబడితే ఎక్కడ దెబ్బ తగులుతుందో లెక్కతో చూద్దాం.

ముందు చక్రాల మీద ఎంత మిగులుతుంది?

రెండు టన్నుల ట్రాక్టరు అనుకోండి. 45 హార్స్ పవర్ టూ వీల్ డ్రైవ్ బళ్ళు దాదాపు అంతే తూగుతాయి. అందులో మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంటే 700 కిలోలు ముందు ఇరుసు మీద, మిగతా 1300 వెనక ఇరుసు మీద ఉంటాయి. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2 మీటర్లు. వెనక ట్రాలీ సరుకుతో కలిపి 5 టన్నులు. నేల మట్టంగా ఉన్నప్పుడు అందులో 500 కిలోలు హుక్కు మీద పడుతున్నాయి. హుక్కు వెనక ఇరుసు నుంచి 70 సెంటీమీటర్లు వెనక్కి ఉంది.

బండి నిలబడి ఉండగానే ఆ 500 కిలోలు ముందు చక్రాలను కొంత తేలిక చేస్తాయి. 500ను 0.7తో హెచ్చవేసి 2తో భాగిస్తే 175. ముందు 525 కిలోలు మిగిలాయి. ఇంతవరకు ఇబ్బంది లేదు.

ఇప్పుడు ఎత్తు ఎక్కించండి. వంద మీటర్లకు పది మీటర్లు లేచే వాలు, కంకర రోడ్డు. 5 టన్నుల ట్రాలీని అక్కడ లాగాలంటే వాలుకు 500, చక్రాల ఒరిపిడికి మరో 250, మొత్తం 750 కిలోల లాగుడు కావాలి. ఆ లాగుడు హుక్కు దగ్గర ట్రాక్టరును వెనక్కి పట్టి ఉంచుతుంది. హుక్కు నేలకు ఎంత ఎత్తులో ఉంటే, అది ముందు భాగాన్ని అంత గట్టిగా పైకి లేపుతుంది. వాలు మీద సరుకు బరువు వెనక్కి జరుగుతుంది కాబట్టి హుక్కు మీద పడే 500 కాస్తా 340 దగ్గరకు తగ్గుతుంది. ట్రాక్టరు సొంత బరువు కూడా వెనక్కే మొగ్గుతుంది.

అన్నీ కలిపి చూస్తే, హుక్కు 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ముందు ఇరుసు మీద దాదాపు 340 కిలోలు మిగులుతాయి. అదే హుక్కును 75 సెంటీమీటర్లకు ఎక్కిస్తే 225. అదే ట్రాక్టరు, అదే ట్రాలీ, అదే దారి. మారింది 30 సెంటీమీటర్ల ఎత్తు ఒక్కటే. దానికే ముందు చక్రాలు వంద కిలోలకు పైగా పట్టు కోల్పోయాయి.

ఇది నెమ్మదిగా, ఒకే వేగంతో ఎక్కుతున్నప్పటి లెక్క. ఎత్తు మధ్యలో బండి ఆగి, గేరు వేసి క్లచ్చి ఒక్కసారిగా వదిలితే లాగుడు క్షణంలో రెట్టింపవుతుంది. 1500 కిలోల లాగుడు వచ్చిన ఆ క్షణాన 45 సెంటీమీటర్ల హుక్కుతో ముందు ఇంకా 170 కిలోల దాకా మిగిలి ఉంటాయి. స్టీరింగు పనిచేయదు, కానీ చక్రాలు నేల వదలవు. 75 సెంటీమీటర్ల హుక్కుతో లెక్క సున్నా కిందికి పోతుంది. అంటే ముందు చక్రాలు గాలిలోకి లేచాయి.

లేచాక ఏమవుతుందన్నది ఇంకా ముఖ్యం. ట్రాక్టరు ముందు లేస్తున్నప్పుడు వెనక ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ఇరుసు కేంద్రం నేలకు 60 సెంటీమీటర్లు ఉందనుకుందాం. ఇరుసు కంటే కిందగా, 70 సెంటీమీటర్లు వెనకగా ఉన్న హుక్కు, ట్రాక్టరు 20 డిగ్రీలు లేచేసరికి 45 నుంచి 22 సెంటీమీటర్లకు దిగిపోతుంది. లేపే బలం సగానికి పడిపోయి, చాలాసార్లు ముందు చక్రాలు తిరిగి నేలకు ఆనుతాయి. ఇరుసు కంటే 20 సెంటీమీటర్లు పైన, గేర్ బాక్సు పెట్టెకు దగ్గరగా బిగించిన హుక్కు అదే 20 డిగ్రీలకు 80 నుంచి 67కే దిగుతుంది. లేపే బలం పెద్దగా తగ్గదు. బండి ఇక ఆపలేనంతగా వెనక్కి లేవడానికి సెకను కూడా పట్టదు. డ్రైవరుకు క్లచ్చి తొక్కే వ్యవధి ఉండదు.

అందుకే మొదటి నియమంలో మినహాయింపు లేదు. హుక్కు ఎప్పుడూ వెనక ఇరుసు కేంద్రం కంటే కిందే ఉండాలి. 13.6-28 వెనక టైర్లున్న బండికి ఇరుసు కేంద్రం 60 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. 14.9-28కి ఇంకో రెండు మూడు ఎక్కువ. ట్రాలీ లాగే హుక్కు 38 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య ఉంటే మంచిది. ఇంకా కిందికి దించితే లాగుడుకు మేలే. కానీ గట్టు దాటేటప్పుడు, రైల్వే గేటు దగ్గర, కల్లంలోకి దిగేటప్పుడు ట్రాలీ డ్రాబారు (రింగు ఉండే ముందు కడ్డీ) నేలను రాస్తుంది. టాప్ లింకు (పైన మధ్యలో ఉండే మూడో చెయ్యి) బ్రాకెట్టుకు రింగు తగిలించి లాగడం మాత్రం ఏ అవసరంలోనూ చేయకూడదు. బురదలో దిగబడిన బండిని లాగాల్సి వచ్చినా సరే. తిరగబడడానికి అంతకంటే అనువైన చోటు ట్రాక్టరు మీద ఇంకొకటి లేదు.

ట్రాలీ వైపు లెక్క

రెండు చక్రాల ట్రాలీ పద్ధతి నాటుబండిదే. నొగ బరువెక్కితే ఎద్దు మెడ మీద కాడి కుంగుతుంది, వెనక బరువైతే కాడి లేచిపోతుంది. ట్రాలీలో సరుకు సర్దే తీరే ఇందులో పెద్ద భాగం. హుక్కు ఎత్తు దాని మీద మరికాస్త ప్రభావం చూపిస్తుంది.

ఇక్కడ ఒక అపోహను సరిచేయాలి. రింగు కాస్త పైకి లేస్తే సరుకంతా వెనక్కి పోయినట్టేనని చాలామంది అనుకుంటారు. ఒక్క ఇరుసు ట్రాలీలో అంత జరగదు. ఇరుసు నుంచి రింగు దాకా 3.5 మీటర్లున్న ట్రాలీలో రింగును 10 సెంటీమీటర్లు లేపితే, సరుకు బరువు కేంద్రం ఇరుసుకు 90 సెంటీమీటర్లు పైన ఉన్నప్పుడు అది వెనక్కి జరిగేది రెండున్నర సెంటీమీటర్లే. 5 టన్నుల మీద హుక్కు బరువు 37 కిలోలు తగ్గుతుంది. ఇటుకలు, ఇసుక లాంటి పొట్టి సరుకుకు ఇది పట్టించుకోదగినది కాదు. కానీ పత్తి, గడ్డి, నిలువుగా పేర్చిన దుంగలు వేరు. బరువు కేంద్రం ఇరుసుకు మీటరున్నర పైకి పోతే అదే 10 సెంటీమీటర్లకు 60 కిలోలు పోతాయి. దాని మీద ఎత్తు ఎక్కుతున్నప్పుడు వాలు లాక్కునే దాదాపు 200 కిలోలు కలపండి. బయలుదేరేటప్పుడు హుక్కు మీద 500 ఉన్న బండికి ఇది భరించగలిగినదే. సరుకు వెనక్కి సర్ది, హుక్కు మీద 150 మాత్రమే ఉంచిన బండికి ఎత్తు మధ్యలో లెక్క తలకిందులవుతుంది. రింగు హుక్కును పైకి గుంజుతుంది, ట్రాక్టరు వెనక చక్రాలు తేలికై జారుతాయి, ట్రాలీ తోక ఆడిస్తుంది. పిన్నుకు క్లిప్పు లేకపోతే అది కాస్తా ఊడి వస్తుంది.

కాబట్టి రెండు చక్రాల ట్రాలీలో మొత్తం బరువులో పదో వంతు దగ్గర హుక్కు మీద పడేటట్టు సరుకు సర్దుకోవాలి. హుక్కు ఎంత నిలువు బరువు మోయగలదో ట్రాక్టరు పుస్తకంలో ఉంటుంది. అది పదో వంతు కంటే తక్కువగా ఉంటే పుస్తకంలోని అంకె దాటకూడదు. అప్పుడు తగ్గించవలసింది సరుకునే.

డబుల్ యాక్సిల్ ట్రాలీ కథ వేరు. దానికి ఎత్తు చాలా కచ్చితంగా కుదరాలి. మధ్యలో ఊగే రాకర్ లేకుండా, ఒక్కో ఇరుసుకు విడిగా కమాను పట్టీలున్న ట్రాలీలో రింగు 5 సెంటీమీటర్లు లేస్తే, మీటరు దూరంలో ఉన్న రెండు ఇరుసుల మధ్య సెంటీమీటరుకు పైగా తేడా వస్తుంది. గట్టి పట్టీలకు ఆ సెంటీమీటరే చాలా ఎక్కువ. రింగు లేస్తే బరువు వెనక ఇరుసు మీదికి, దిగితే ముందు ఇరుసు మీదికి పోతుంది. ఒక జత టైర్లు త్వరగా అరిగిపోవడం, ఒక ఇరుసు హబ్బులు చేయి పెట్టలేనంత వేడెక్కడం, ఒకే వైపు పట్టీలు విరగడం దీని గుర్తులు. బేరింగు పాడైందని మార్చి, నెల తిరగకుండా మళ్ళీ మార్చేవాళ్ళు ముందు తొట్టి మట్టంగా ఉందో లేదో చూసుకోవాలి.

ముందు టర్న్ టేబుల్ (ముందు ఇరుసును పక్కలకు తిప్పే పలక) ఉన్న నాలుగు చక్రాల ట్రాలీ హుక్కు మీద దాదాపు బరువే వేయదు. అక్కడ చూడవలసింది డ్రాబారు వాలు. హుక్కు పైన, డ్రాబారు మడత పిన్ను కింద ఉంటే లాగుడులో కొంత ట్రాక్టరు వెనక భాగాన్ని కిందికి నొక్కుతుంది. హుక్కు కింద, మడత పైన ఉంటే వెనక భాగాన్ని పైకి లేపుతుంది. పది డిగ్రీల వాలుకు 750 కిలోల లాగుడులో 130 కిలోలు ఇలా నిలువుగా పోతాయి. వీలైనంత మట్టంగా ఉంచడమే మేలు.

కొలిచే తీరు

కొలత సరుకుతోనే తీసుకోవాలి. ఖాళీ ట్రాలీని మట్టంగా పెట్టి బిగిస్తే, సరుకు ఎక్కాక అది వేరే బండి అవుతుంది. ట్రాక్టరు వెనక టైర్లు హుక్కు బరువుకు రెండు మూడు సెంటీమీటర్లు నలుగుతాయి. ట్రాలీ కమాను పట్టీలు అయిదారు సెంటీమీటర్లు కూడా కుంగవచ్చు. వెనక ఎక్కువ కుంగుతుంది కాబట్టి తొట్టి వెనక్కి వాలి, మూతి లేస్తుంది. సరుకుతో కొలవడం నిజంగా వీలుకాకపోతే, ఖాళీగా ఉన్నప్పుడు మూతి రెండు మూడు సెంటీమీటర్లు కిందికి ఉండేలా పెట్టుకోండి. పట్టీలు లేని, ఇరుసు నేరుగా చాసిస్‌కు బిగించిన ట్రాలీకి ఈ సవరణ అక్కర్లేదు.

సిమెంటు నేల గానీ, రైసు మిల్లు కాటా ముందు గచ్చు గానీ వెతుక్కోండి. మట్టి కల్లంలో ఒక చక్రం దిగితే కొలతంతా వృథా. ట్రాక్టరు, ట్రాలీ టైర్లలో రోడ్డు పనికి కావలసిన గాలి ముందే నింపుకోండి. దమ్ము కోసం తగ్గించిన గాలితో కొలవకూడదు. ట్రాక్టరు వెనక ఇరుసు కేంద్రం నుంచి నేలకు టేపు పెట్టి ఎత్తు రాసుకోండి. హుక్కు దవడ మధ్య నుంచి నేలకు రెండో కొలత. రెండో అంకె మొదటిదానికంటే కనీసం పది సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. లేకపోతే ట్రాలీ సంగతి తర్వాత, ముందు ట్రాక్టరు హుక్కును దించుకోవాలి.

తర్వాత సరుకుతో ఉన్న ట్రాలీని విడదీసి, చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టి, డ్రాబారు కింద జాకీ మీద నిలబెట్టండి. ఇటుక పేర్పు మీద నిలబెట్టవద్దు. ఇటుక పగిలితే అర టన్ను డ్రాబారు కాలి మీద పడుతుంది. తాపీ మేస్త్రీల దగ్గరుండే నీళ్ళ ట్యూబు తెచ్చి తొట్టి ముందు అంచు, వెనక అంచు ఒకే మట్టానికి వచ్చేదాకా జాకీ ఎత్తండి, దించండి. వచ్చాక రింగు మధ్య నుంచి నేలకు కొలవండి. దీనికీ, బరువు మీద ఉన్నప్పటి హుక్కు ఎత్తుకూ ఉన్న తేడాయే మీరు సరిచేయవలసింది. ఖాళీ ట్రాక్టరు హుక్కు ఎత్తులోంచి టైరు నలుగుడు కోసం రెండు సెంటీమీటర్లు తగ్గించి లెక్కించండి. 3.5 మీటర్ల డ్రాబారుకు మూడు సెంటీమీటర్ల తేడా అంటే అర డిగ్రీ వాలు. ఒక్క ఇరుసు ట్రాలీకి అంతవరకు వదిలేయవచ్చు. డబుల్ యాక్సిల్‌కు సెంటీమీటరు దాటనివ్వకండి.

ఎక్కడ మార్చాలి?

ట్రాక్టరు వైపు మార్చడానికి ఉన్న చోటు చిన్నది. కొన్ని ట్రాక్టర్లకు వెనక హుక్కు ఉండే కడ్డీ (దీన్నీ డ్రాబారనే అంటారు) మెట్టులాగా వంగి ఉంటుంది. దాన్ని తిరగేసి బిగిస్తే కొన్ని సెంటీమీటర్లు లేస్తుంది, దిగుతుంది. కొన్నిటికి నిచ్చెన మెట్ల లాంటి బ్రాకెట్టులో హుక్కును ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు మార్చుకోవచ్చు. అందులో పై మెట్లు చాలాసార్లు ఇరుసు కంటే ఎత్తున ఉంటాయి. మెట్టు ఉంది కదా అని వాడకూడదు. ఈ డ్రాబారును తిరగేసినప్పుడు పీటీఓ షాఫ్టు (వెనక తగిలించిన యంత్రాలను తిప్పే షాఫ్టు) సంగతి కూడా చూడాలి. 540 ఆర్‌పీఎం పీటీఓకు షాఫ్టు కొస నుంచి హుక్కు పిన్ను దాకా 35 సెంటీమీటర్లు ఉండాలి. అది తగ్గితే పీటీఓతో నడిచే ట్యాంకరు, నూర్పు యంత్రం లాంటివి తగిలించి మలుపు తిప్పినప్పుడు షాఫ్టు పట్టుకుపోతుంది.

లోయర్ లింకుల మధ్య చిల్లుల కడ్డీ గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ తప్పులు దాని మీదే. ఆ కడ్డీని రెండు పక్కలా స్టే పట్టీలతో ఒకే ఎత్తున కట్టి ఉంచితే తేలిక ట్రాలీకి పనికొస్తుంది. స్టేలు తీసేసి హైడ్రాలిక్ మీద వేలాడదీస్తే, గుంట తగిలినప్పుడల్లా బరువు హైడ్రాలిక్ పిస్టను మీద పడుతుంది, కడ్డీ చిల్లుల దగ్గర వంగుతుంది. ఇంకా పెద్ద ప్రమాదం, పొరపాటున లివరు తగిలి కడ్డీ పైకి లేవడం. 45 సెంటీమీటర్ల హుక్కు నడుస్తుండగానే 75 అవుతుంది. అయిదు టన్నుల ట్రాలీ ఈ కడ్డీ మీద రోడ్డెక్కకూడదు.

అసలు మార్పు ట్రాలీ వైపే చేయాలి. మంచి ట్రాలీకి డ్రాబారు కొసన మందపాటి నిలువు పలక, దాని మీద రెండు వరుసల చిల్లులు, రింగుకు వెనక ఇంకో పలక ఉంటాయి. నాలుగు బోల్టులు తీసి రింగును ఒక చిల్లు పైకో కిందికో మార్చితే పని అయిపోతుంది. బోల్టులు తల మీద 8.8 అని ముద్ర ఉన్నవే వాడాలి. ముద్ర లేని మెత్తటి బోల్టులు సాగి, చిల్లు కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. 16 మిల్లీమీటర్ల 8.8 బోల్టును సుమారు 200 న్యూటన్ మీటర్ల టార్కుతో బిగించాలి. టార్కు రెంచి లేని చోట మీటరు పొడవు పైపు కొసన 20 కిలోల బలం పెడితే దాదాపు అంతే.

పలక లేకుండా రింగును నేరుగా డ్రాబారుకు వెల్డు చేసిన ట్రాలీలకు దించుడు పలక తయారు చేయించాలి. రింగు డ్రాబారు కంటే 20 సెంటీమీటర్లు కిందికి దిగిందంటే, 1500 కిలోల గుంజుడు వచ్చినప్పుడు ఆ పలక మొదట్లో 300 కిలోగ్రాము-మీటర్ల వంపు బలం పడుతుంది. అంటే మీటరు పొడవు కడ్డీ కొసన 300 కిలోలు వేలాడదీసినట్టు. కనీసం 16 మిల్లీమీటర్ల పలక, రెండు పక్కలా త్రికోణం ఆనింపులు, లోపలిదాకా దిగిన వెల్డింగు ఉండాలి. పైపైన గీసిన అతుకు మొదట పలక మొదట్లో వెంట్రుకంత చీలికగా కనిపిస్తుంది, రంగు కింద తుప్పు గీతలా. అది కనిపించిన రోజే బండి ఆపాలి. పోత రింగులను, సాగగొట్టిన ఉక్కు రింగులను మామూలు రాడ్డుతో వెల్డు చేయిస్తే వేడి తగిలిన చోట పెళుసెక్కి విరుగుతాయి. రింగు జోలికి పోకుండా పలకనే మార్చుకోవాలి.

ట్రాలీ మొత్తాన్ని ఎత్తాలనుకునేవాళ్ళకు రెండు దారులున్నాయి. 9.00-16 టైర్లకు బదులు 9.00-20 వేస్తే ఇరుసు దాదాపు 6 సెంటీమీటర్లు లేస్తుంది. ఇరుసును కమాను పట్టీల పైనుంచి కిందికి మార్చితే 12, 15 సెంటీమీటర్లు లేస్తుంది. రెండింటిలోనూ సరుకు కేంద్రం కూడా పైకి పోతుంది, మలుపుల్లో ట్రాలీ పక్కకు పడే ముప్పు పెరుగుతుంది. దుంగలు, పత్తి వేసే ట్రాలీకి ఇది చేయించకపోవడమే మంచిది.

కాటా మీద సరిచూసుకోవడం

హుక్కు సరిచేశాక ధాన్యం మిల్లులోనో, జిన్నింగు మిల్లులోనో కాటా మీద మూడు తూకాలు వేయండి. ట్రాలీ లేకుండా ట్రాక్టరు ఒక్కటే. తర్వాత సరుకు ట్రాలీ తగిలించి, ట్రాక్టరు నాలుగు చక్రాలు మాత్రమే కాటా మీద, ట్రాలీ చక్రాలు గచ్చు మీద. ఈ రెండు తూకాల తేడాయే హుక్కు మీద పడే బరువు. మూడోది, ట్రాలీ తగిలించే ఉంచి ట్రాక్టరు ముందు చక్రాలు మాత్రమే కాటా మీద. ఇది ట్రాక్టరు సొంత బరువులో ఐదో వంతుకు తగ్గకూడదు. రెండు టన్నుల బండికి 400 కిలోలు.

పైన వేసిన లెక్కలో మట్టం నేల మీద 525 వచ్చింది కాబట్టి అది గట్టెక్కింది. కానీ అదే బండికి పది శాతం ఎత్తులో, సరైన హుక్కుతో కూడా, 340 మాత్రమే మిగిలాయి. సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి ఎక్కే 26వ నంబరు జాతీయ రహదారి లాంటి ఘాటు దారుల్లో తిరిగే బండికి అది చాలదు. ముందు బంపరుకు 50 కిలోల బరువు బిళ్ళలు తగిలిస్తే, అవి ముందు ఇరుసు కంటే ముందుకు ఉంటాయి కాబట్టి ఇరుసు మీద 65 దాకా పడుతుంది. వంద కిలోలు వేస్తే 130. వెనక టైర్లలో నీళ్ళు నింపడం ముందు చక్రాలకు ఏ సాయమూ చేయదు. బిళ్ళలు ఉన్నాయి కదా అని హుక్కును పైకి ఎక్కించకూడదు. బిళ్ళలు ఇచ్చిన వంద కిలోలను 30 సెంటీమీటర్ల ఎత్తు మళ్ళీ మింగేస్తుంది.

దిగుడులో

ఘాటు దిగేటప్పుడు ట్రాలీ ట్రాక్టరును తోస్తుంది. బ్రేకులు లేని అయిదు టన్నుల ట్రాలీతో బ్రేకు వేస్తే వెయ్యి కిలోల తోపుడు మామూలే. టూ వీల్ డ్రైవ్ ట్రాక్టరుకు బ్రేకులు వెనక చక్రాలకే. ఆ తోపుడు 45 సెంటీమీటర్ల దగ్గర పనిచేస్తే వెనక చక్రాల నుంచి 225 కిలోలు ముందుకు పోతాయి, 75 దగ్గరైతే 375. పట్టు పోయిన వెనక చక్రాలు లాకై జారితే ట్రాలీ పక్కకు తిరిగి ట్రాక్టరును మడతపెట్టేస్తుంది. ఎక్కిన గేరులోనే దిగడం, రెండు బ్రేకు పెడళ్ళను కలిపి లాకు వేయడం, క్లచ్చి తొక్కి జారనివ్వకపోవడం తప్పనిసరి. ట్రాలీకి సొంత బ్రేకులు ఉంటే ఇంకా నయం.

పిన్ను, రింగు, తొట్టి ఎత్తడం

ఎత్తు కుదిరినా పిన్ను వదులుగా ఉంటే ప్రతి బ్రేకుకూ, ప్రతి గేరుకూ సుత్తి దెబ్బ తగిలినట్టే. పిన్ను మధ్యలో మెట్టులాగా అరిగినా, రింగు లోపలి కమ్మీ పదో వంతు పలచబడినా మార్చేయాలి. పిన్నుకు బదులు పాత షాఫ్టు ముక్క, ఇనుప చువ్వ వాడడం చాలాచోట్ల ఉంది. ఏ ఉక్కో తెలియని ముక్క వంగుతుందో, పుటుక్కున విరుగుతుందో ముందుగా చెప్పలేం. పిన్ను కింద క్లిప్పు, దానితోపాటు హుక్కు కాకుండా ట్రాక్టరు చాసిస్‌కు వేరే చోట కట్టిన గొలుసు ఉండాలి. గొలుసు మలుపుకు చాలినంత వదులుగా, పిన్ను ఊడితే డ్రాబారు నేలను తాకనంత బిగువుగా ఉంచాలి.

హైడ్రాలిక్ ట్రాలీ తొట్టి ఎత్తి తడి ఇసుక దింపేటప్పుడు సరుకు వెనక అంటుకుపోతే, బరువంతా ఇరుసు వెనక్కి పోయి రింగు హుక్కును పైకి గుంజుతుంది. ట్రాక్టరు వెనక చక్రాలు తేలికవుతాయి. హ్యాండు బ్రేకు పట్టేది ఆ చక్రాలనే కాబట్టి బండి ముందుకు జారుతుంది. మట్టం నేల చూసుకుని, ట్రాలీ చక్రాలకు చెక్కలు పెట్టి, క్లిప్పు ఉందో లేదో చూశాకే తొట్టి లేపాలి. అంటుకున్న ఇసుకను దులపడానికి బండిని ముందుకూ వెనక్కూ కుదపకూడదు.

కొత్త చిల్లుకు మార్చిన రింగు బోల్టులను మొదటి లోడు దింపిన వెంటనే ఒకసారి, వారం తర్వాత మరోసారి బిగించాలి. ట్రాక్టరు వెనక టైర్లు 12.4-28 నుంచి 13.6-28కు మార్చితే ఇరుసు, దానితోపాటు హుక్కు రెండున్నర సెంటీమీటర్లు లేస్తాయి. ట్రాలీ పట్టీలు మార్చినా, కొత్త పట్టీ ఒకటి చేర్చినా రింగు ఎత్తు మారుతుంది. వేరే ఊరి ట్రాలీని ఒక్కరోజు అద్దెకు తెచ్చి తగిలించేటప్పుడు కూడా టేపు తీయాలి, ఎందుకంటే ఆ రింగు ఇంకొకరి ట్రాక్టరు ఎత్తుకు బిగించినది.